మొదలుపెట్టిన చెయ్యి

మా పెద్దత్త ఒకచోట కూర్చోగా నేను చూసింది వెండితీగ అల్లేటప్పుడే. అదీ ఎంతసేపని? నాలుగు వరసలు అల్లుతుంది, లేస్తుంది, కిటికీలోంచి వీధిలోకి తొంగిచూస్తుంది, "ఉల్లిపాయలున్నాయా?" అంటుంది, ఉన్నాయని చెప్పినా సంచీ పట్టుకుని బయల్దేరుతుంది. మా నాన్న తన అక్కకి కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టాడు. ఆ పేరు విని కోప్పడటానికైనా ఆమె ఇంట్లో ఉండాలి కదా.

పెద్దత్త, చిన్నత్త ఇద్దరూ దర్జీ కొట్టు మీది గదిలో ఉంటూ గొలుసులు అల్లుతారు. సన్నటి కర్రపుల్ల చుట్టూ వెండితీగను ఉచ్చులుగా తిప్పుతూ, ప్రతి ఉచ్చునూ పైదాని కిందనుంచి దూర్చుకుంటూ రావాలి. పట్టు కోసం ముందు ఓ రాగితీగ ముక్కతో మొదలుపెడతారు. గొలుసు పూర్తయ్యేదాకా ఆ ముక్క మొదట్లోనే వేలాడుతుంటుంది. అల్లిక అయ్యాక పుల్ల తీసేసి, చెక్కపలకకున్న కన్నాల్లోంచి గొలుసును లాగుతారు, ముందు పెద్ద కన్నం, తర్వాత చిన్నది. గొలుసు సన్నబడి, సాగి, తాడులా మెత్తబడుతుంది. చేతి బిగువు ఎక్కడ తప్పినా అప్పుడే బయటపడుతుంది. అందుకే పెద్దత్తది ఒకటే శాసనం: మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. తన చేతి మీద ఆమెకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

కిందటి వారం గొలుసు సగంలో ఉండగా తీగ కొస గుచ్చుకుని ఆమె బొటనవేలు వాచి కూర్చుంది. మా గొలుసులు కొనే దుకాణం షావుకారేమో ఆ సాయంత్రానికే కావాలన్నాడు. గత్యంతరం లేక పుల్ల చిన్నత్త చేతికిచ్చింది. ఇచ్చిందే గాని మనసొప్పలేదు. గడప దాటకుండా చెల్లెలి చుట్టూ తిరుగుతూ, వంగి చూస్తూ, ఆమె ప్రాణం తోడేసింది.

"బిగించవే. అబ్బ, అంత బిగించకు!"

"అక్కా, కాసేపు అలా బయటికెళ్లి రారాదూ?" చిన్నత్త పొద్దుట్నుంచీ ఆ మాట అంటూనే ఉంది.

"ఎందుకూ, నువ్వు పాడుచేసి పెట్టడానికా?"

లాగేటప్పుడు నేను పలక పట్టుకున్నాను. చిన్నత్త పట్టకారుతో లాగింది. ఆఖరి కన్నంలోంచి వచ్చేసరికి సగం గొలుసు నున్నగా ఉంది. మిగతా సగం గతుకులు గతుకులుగా ఉంది, ఉచ్చులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"చూశావా! నా పరువు తీశావు కదే!" పెద్దత్త గది అదిరేలా అరిచింది. "చిన్నప్పట్నుంచీ ఇంతే, దేనికీ నిదానం లేదు నీకు!"

నిదానం గురించి చెబుతున్నది ఎవరో చూడండి. చిన్నత్త మాత్రం తలొంచుకుని పట్టకారు తుడుస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"అత్తా, రాగితీగ ఎటువైపుందో చూసి తిట్టు" అన్నాను.

చూసింది. గతుకుల వైపే ఉంది, అంటే అది తను మొదలుపెట్టిన సగం. గొలుసును అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ చూసింది.

"ఇది వేలు గుచ్చుకోకముందు అల్లింది" అంది మెల్లగా. తర్వాత చెల్లెలి మొహంలోకి చూసింది. "ఎప్పట్నుంచే?"

చిన్నత్తకి చెప్పక తప్పలేదు. "చాలా రోజులైందక్కా. నువ్వు బజారుకెళ్లినప్పుడల్లా వదులైన వరసలు విప్పి మళ్లీ అల్లేదాన్ని. ఈసారి నువ్వు కదల్లేదు."

నాకు ఏడుపొచ్చింది. అనవసరంగా నోరు జారానే అనిపించింది. పెద్దత్త ఏడవలేదు. కటింగ్ ప్లయరు ఎడంచేత్తో అందుకుని, ఇద్దరి అల్లికా కలిసినచోట పుటుక్కున కత్తిరించింది. తన ముక్క బల్ల మీద పడేసి, రెండోది చెల్లెలి ఒళ్లో పెట్టింది.

"మిగతాది కూడా నువ్వే అల్లు" అంటూ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికక్కా?"

"షావుకారు దగ్గరికి. రేపిస్తామని చెప్పాలిగా."

"వేలు వాచిందని చెప్పు, చాలు. ఏమీ అనడు."

"వాపు తగ్గిపోతుందే" అంది పెద్దత్త, గుమ్మంలో ఆగి. "తగ్గాక ఏమని చెప్పను?"