మొదలు వైపు గీత

చెక్కుడు యంత్రం రూటర్ బిట్, అంటే గిర్రున తిరిగే దాని ఉలి, టేకులోకి దిగగానే షెడ్డంతా ఒక వాసన లేస్తుంది. కాస్త నూనె, కాస్త తోలు, ఎక్కడో అంచున చిన్న మాడు. ఆ మాడు ముక్కుకు తగలగానే నా చెయ్యి కంప్యూటర్ మీదికి పోయి బిట్ నడకను పెంచుతుంది. "ఆగి నిలబడిపోతే కర్ర మాడిపోతాది, నడిపించెయ్యే" అన్న గొంతు అప్పుడే వినిపిస్తుంది. ఆ గొంతు ఆగిపోయి రెండేళ్లయింది.

ముత్యాలు మావయ్య మాకు చుట్టం కాదు. చీపురుపల్లిలో మా పక్కింటి వడ్రంగి. ఆయన చెక్కిన తీగల ద్వారబంధాలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అరవై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఉలి పెడితే ఆకు కొన తెగిపోయేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెక్కుడు పని అడగడానికి వచ్చినవాళ్లను "ఖాళీ నేదు" అని పంపించేసేవాడు. అరుగు మీద ఊరికే కూర్చుని ఖాళీ లేదనే మనిషిని చూస్తే నాకు ముందు ఒళ్లు మండేది, తర్వాత ఏడుపొచ్చేది. నేను డిప్లొమా చదివి, ఫ్యాక్టరీలో కొన్నాళ్లు మెషీన్లు నడిపి, మానేసి ఇంటికి వచ్చినదాన్ని. గీసిన బొమ్మను తనంతట తనే చెక్కే యంత్రం మా పెరటి షెడ్డులోనే కట్టుకోవచ్చని ఒకరోజు ఆయనతో అన్నాను.

"నా పొట్ట కొట్టే మిషను నా సేతే కట్టిస్తావేటే గుంటా?" అని నవ్వాడు. మర్నాడు పొద్దున్నే మూలమట్టం చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మొదట ప్లైవుడ్‌తో కట్టాను. దాంతో గీయించిన వలయం కోడిగుడ్డులా వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ నేను రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఆయన ఒక పురికొస తీసి, చట్రానికి ఈ మూల నుంచి ఆ మూలకు లాగి ముడివేసి, అదే తాడును మిగతా రెండు మూలలకూ పట్టాడు. బొటనవేలి మందం తేడా వచ్చింది. "మంచమైనా మిషనైనా మూలకి మూల సమానం అవ్వాల. బుర్ర పెట్టేముందు తాడు పెట్టి సూడు" అన్నాడు. ఆ తర్వాత ఇనుప గొట్టాలతో మళ్లీ కట్టాం. ఈసారి వలయం వలయంలాగే వచ్చింది.

అప్పుడే నరసన్నపేట నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్ల నాన్న ఇంటికి మావయ్య చెక్కిన తీగే తన కొత్త ఇంటి ద్వారబంధానికీ కావాలన్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత మావయ్య నోట "సరే" అన్న మాట విన్నాను. తీగ ఆయనే గీశాడు. గీతలోని వణుకును నేను కంప్యూటర్‌లో సరిదిద్దాను. మొదటి నిలువుకొయ్య ఇద్దరం కలిసి చెక్కించాం. ఆయన విజయనగరం ఆసుపత్రికి వెళ్లిన రోజు, ఆయన వచ్చేసరికి పని ముగించి చూపించాలన్న ఆత్రంతో రెండోది నేనొక్కదాన్నే యంత్రానికి బిగించి చెక్కించాను. అద్దంలా వచ్చింది. సాయంత్రం ఆయన వచ్చి దాని మీద అరచెయ్యి జరుపుతూ మధ్యలో ఆపేశాడు.

"ఒలే, మొదలెటేపున్నాదో సూసేవా?"

చెట్టు ఎలా నిలబడిందో ద్వారబంధం కొయ్య కూడా అలాగే నిలబడాలి, మొదలు, అంటే వేరు వైపు కొస, కిందికి. అది వాళ్ల పనిలో తప్పని నియమం. చిత్రిక పట్టాక నాకు రెండు కొసలూ ఒకేలా కనిపించాయి. కర్రలోని చారల కొనలు ఎటు చూస్తున్నాయో చూడాలని కూడా తోచలేదు. తీగ పైకే పాకింది కానీ దాని కింద చెట్టు తలకిందులైంది.

"రంగేసేస్తే ఎవులికి తెలుస్తాది మావయ్యా? ముహూర్తం ఇంక మూడు రోజులే ఉన్నాది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నాకు తెలిసిపోనాది కదే. ఇంకెవులికి తెలవాల?"

వెంటనే ఆ రైతుకు ఫోన్ చేసి, "తప్పు నాది బాబూ. ఒక కొయ్య మార్సాల. ముహూర్తానికి ఇచ్చేస్తాను" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. తర్వాత ఇంట్లోకి వెళ్లి, తన మంచం కింద ఏళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని టేకు కొయ్యను బయటికి లాగాడు.

"సెయ్యి బాగయితే ఇది సెక్కుదామని దాసేను" అన్నాడు. కాసేపు దాన్ని నిమిరి, "ఇంక బాగవ్వదని డాట్రు ఇయ్యాల సెప్పీసినాడు. బిగించు" అన్నాడు.

కొయ్యను యంత్రం మీద పెట్టాను. ఆయనే చెవి వెనక పెన్సిల్ తీసి, మొదలు వైపు కొస మీద అడ్డంగా ఒక గీత గీశాడు. బెత్తెడు గీత, పొడుగునా వణుకే. దాన్ని సరిదిద్దడానికి అక్కడ కంప్యూటర్ లేదు. యంత్రం చెక్కుతున్నంతసేపూ ఆయన చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పొట్టు కళ్లలో పడిందని చెప్పి నేను ఏడ్చాను.

ఆ ద్వారబంధం నరసన్నపేటలో నిలబడి ఉంది. ఆ గీత నేల సిమెంటు కింద ఉండిపోయింది. ఇప్పుడు ఏ కొయ్య వచ్చినా బిగించేముందు దాని చారలు చూసి, మొదలు ఎటో తేల్చుకుని, అక్కడ పెన్సిల్‌తో గీత గీస్తాను. నా చెయ్యి వణకదు. గీత తిన్నగా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ, అది సరిగ్గా రాలేదనిపిస్తుంది.