నిమ్మకాయ నలగకూడదు

గురువారం సాయంత్రం ఎత్తోరే గారు బంతుల సంచి మీద కూర్చున్నారు. చూసేవాళ్ళకి అందులో వింతేమీ లేదు. మైదానపు గీత పక్కన నిలబడి మా పిల్లల ఆట చూస్తున్న నాకు మాత్రం ఆ క్షణంలోనే ఏదో తేడా అని తెలిసిపోయింది. ఆట సాగుతుండగా ఆయన కూర్చోవడం నేనెన్నడూ ఎరగను. కువైట్ ఎండల్లో కూడా మోకాలికి పట్టీ బిగించుకుని, గీత వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉండేవారు. "డిఫెండర్ కూర్చున్నాడంటే గోల్ అయిపోయినట్టే" అనేవారు. నేను పరుగున వెళ్ళేసరికి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. "ఆట ఆపకండి. శనివారం జహ్రా జట్టు వస్తోంది" అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే. శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. మా పిల్లల ఫుట్‌బాల్ కోచ్ ఇక లేరు.

మొన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషిని గురించి 'ఉండేవారు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి. ఆయన ఎవరో తెలియకుండానే ఆయన దగ్గర పిల్లల్ని వదిలివెళ్ళిన తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు.

ఇటలీ దక్షిణాన సముద్రపు ఒడ్డున ఒక చిన్న రేవు ఊరు ఆయనది. తండ్రి పడవలు బాగుచేసేవాడు. చిన్నతనంలో గోల్స్ కొట్టే ఆటగాడిగానే మొదలయ్యారట. ఒకనాడు వెనక డిఫెండర్‌గా ఆడాల్సిన కుర్రాడు జ్వరంతో రాకపోతే ఆ చోట నిలబడ్డారు. మళ్ళీ ముందుకు రాలేదు. రెండో శ్రేణి, మూడో శ్రేణి క్లబ్బుల్లోనే ఆటజీవితమంతా గడిచింది. జాతీయ జట్టు పిలుపు రానేలేదు. మోకాలు మొరాయించాక సొంత ఊళ్ళో పిల్లలకు నేర్పారు. తర్వాత ఇక్కడి ఒక క్లబ్బు బాలుర జట్టుకు కోచ్‌గా వచ్చారు. ఆ ఒప్పందం ముగిశాక వెళ్ళిపోతారనుకున్నారు అందరూ. ఆయన వెళ్ళలేదు. అల్ రాయ్‌లో గోదాముల మధ్య ఉన్న టర్ఫ్ మైదానంలో డ్రైవర్ల పిల్లల్ని, మెకానిక్కుల పిల్లల్ని, నర్సుల పిల్లల్ని పోగేసి జట్టు కట్టారు. మా ఆయన పనిచేసే వర్క్‌షాప్ ఆ పక్క సందులోనే. మా హాసిని, చరణ్ అలా ఆయన చేతిలో పడ్డారు.

"మీరు బాగా ఆడిన మ్యాచ్ ఏది సార్?" అని ఒకసారి అడిగాను. "మర్నాడు పత్రికలో నా పేరు రాని మ్యాచ్" అన్నారు. నేను బిత్తరపోయి చూస్తుంటే నవ్వి, "నేను కాపలా కాసిన ఎదుటి ఆటగాడి పేరు కూడా రాలేదు మరి!" అన్నారు.

ఆయన శిక్షణలో నన్ను ముందు హడలగొట్టినవి నిమ్మకాయలు. ఫ్రిజ్‌లో పెట్టినవి పెట్టినట్టే మాయమయ్యేవి. నిలదీస్తే చరణ్ చెప్పాడు: "కోచ్ తెమ్మన్నాడు మా. చేతికొకటి పట్టుకోని ఆడాల." ఎదుటివాడి చొక్కా పట్టి లాగకుండా ఉండేందుకట. వాళ్ళ ఊరి గురువు ఆయనకూ అలాగే నేర్పాడట. ఆట అయ్యాక పిల్లలంతా వరసగా నిలబడి గుప్పిళ్ళు విప్పాలి. కాయ నలగనివాడికి మెచ్చుకోలు. నలిగినవాడితో మాత్రం మెల్లగా అనేవారు: "భయమేసిందా? భయం గుప్పిట్లోకి వస్తుంది. దాన్ని కాళ్ళలోకి పంపు, పరుగవుతుంది." తర్వాత ఆ కాయలే నీళ్ళలో పిండి అందరికీ పోసేవారు.

చరణ్ పడినప్పుడల్లా గీత అవతలి నుంచి నేను కేకలు పెడుతుంటే, ఒకనాడు నా చేతిలోనూ రెండు కాయలు పెట్టి వెళ్ళారు. ఆట ముగిశాక పిల్లలతో పాటు నన్నూ వరసలో నిలబెట్టారు. గుప్పిళ్ళు విప్పాను. రసం మోచేతుల దాకా కారింది. "నీయి ఊరగాయకు కూడా పనికిరావు మా!" అని చరణ్ పడీపడీ నవ్వాడు. కోచ్ నవ్వలేదు. "మళ్ళీ వారం మళ్ళీ పట్టుకోండి మేడమ్" అన్నారు.

ఇంకొక సంగతి. హాసిని పక్కన ఆడే ఇమ్రాన్ రాయచోటి పిల్లాడు, దానికంటే పెద్దవాడు. ఒక మ్యాచ్‌లో ఇమ్రాన్ వెనకనుంచి ఎదుటి జట్టువాడు దూసుకొచ్చాడు. హాసిని చూస్తూనే ఉంది, నోరు మెదపలేదు. గోల్ అయింది.

"నువ్వు చూడలేదా?" అన్నారు కోచ్.

"చూసినా సార్."

"మరి అరవలేదేం?"

"ఆయప్ప నాకంటే పెద్దోడు. పేరు పెట్టి అరిస్తే మాయమ్మ తంతాది."

ఆయనకు కోపం రాలేదు. నా దగ్గరికొచ్చి, పెద్దవాణ్ణి మీ పిల్లలు ఏమని పిలుస్తారని అడిగారు. 'అన్నా' అని చెప్పాను. "అన్నా! పేరు కంటే పొట్టిది, త్వరగా చేరుతుంది" అన్నారు. ఆ రోజు నుంచి అదే జట్టు కేక. ఈజిప్టు పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు అందరూ "అన్నా!" అనే అరిచేవారు. రెఫరీ మీద కోపమొస్తే కోచ్ కూడా అదే కేక వేసేవారు. పాపం, ఆ రెఫరీ దిక్కులు చూసేవాడు.

శుక్రవారం సాయంత్రం తల్లుల గ్రూపులో ఒకటే మాట, మ్యాచ్ వద్దని. ఇమ్రాన్ వాళ్ళమ్మ షాహీన్ అక్క ఫోన్ చేసి ఏడ్చింది. "ఇంక ఖలాస్ పాపా. ఆయన లేనిదానికి ఈ పిల్లోళ్ళు ఎవురి మాట ఇంటారు? ఒక్కసారి మానుకుంటే మళ్ళా కూడేది ల్యా." ఆ చివరి మాటే నన్ను కుదుటపరిచింది. "అందుకే మానుకోవద్దక్కా. నువ్వు ఇమ్రాన్‌ను పంపీ, మిగతావాళ్ళకు నేను చెప్తా" అన్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. లోపల హాసిని గోడవైపు తిరిగి పడుకుని, "కోచ్ లేకుండా నేను పోను" అంది. దానికి దుప్పటి కప్పి, తర్వాతి నంబరు కలిపాను.

ఎత్తోరే గారూ, మీ దేహం మీ రేవుకు మరలిపోతుంది. మీలాంటి గురువు మా పిల్లలకు మళ్ళీ దొరకరు. ఆ మాట నా దగ్గర నేనే దాచుకోను. పేరు మిగలకపోవడమే పని సక్రమంగా చేసినదానికి గుర్తని మీరు నమ్మారు. ఆ ఒక్క విషయంలో మీ మాట వినలేను. ఈ మైదానంలో ఆట నడిచినన్నాళ్ళూ మీ పేరు చెప్తాం. మీకు నా నమస్సులు.

శనివారం పొద్దున పిల్లల్ని లేపాను. హాసిని లేచి కూర్చుని, "గీత కాడ ఎవరుంటారు మా?" అంది.

"నేనుంటా. కూచోను" అన్నాను. "లేచి బూట్లు ఏసుకోండి. ఫ్రిజ్‌లో నిమ్మకాయలుండాయి, చేతికొకటి తీసుకోండి. నాక్కూడా రెండు తీయండి."