నీళ్లడగని పువ్వు

నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. మా పక్క ఎవరింటికి పోయినా, ఎందుకొచ్చావని అడగకముందే చెంబెడు నీళ్లు చేతిలో పెడతారు. దప్పిక లేదంటే నమ్మరు. సగం తాగి కింద పెడితే, ఏం తప్పు జరిగిందోనని ఇంటిల్లిపాదీ మొహాలు చూసుకుంటారు. తోటల జబ్బులు చూస్తూ ఊరూరా తిరిగే పని నాది. మధ్యాహ్నం దాటేసరికి నా ధ్యాస మొక్కల మీద ఉండదు. వానలు లేని చోట ఇంతకన్నా పెద్ద మర్యాద లేదని నాకూ తెలుసు. అయినా ఫిర్యాదు ఫిర్యాదే.

ఇక కేసు సంగతి. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండలు మొదలవుతున్నాయి. హిందూపురంలో పరిగి రోడ్డు మీద మా నర్సరీ. ఒక పొద్దున పెనుకొండ పక్క పల్లె నుంచి హనుమంతరాయుడని ఒక గొర్రెల కాపరి వచ్చి, గులాబీల దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఏం కావల్ల?"

"ఒక పూలచెట్టు సార్. నేలకు కరుసుకోని పాకుతాది. నీలంపువ్వు. పొద్దున పూసి మధ్యాన్నానికి ముడుసుకుంటాది."

విష్ణుక్రాంత. నాకు నవ్వొచ్చింది. "గుట్టల మీద నీ గొర్రెలు తొక్కేదే కదప్పా! దాన్ని కొనేకి టౌనుకొచ్చినావా?"

"పీక్కొచ్చి నాటినా సార్. బతకలే. మా పాప సమాధి మీద."

నవ్విన మొహాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కనున్న గులాబీకి రెండు ఎండుటాకులు తుంచాను.

పాప పేరు అనిత. ఏడో తరగతి. బడి లేని రోజు నాయన వెంట గొర్రెలతో పోయి, ఆ నీలంపూలు జడ పొడుగునా గుచ్చుకునేదట. కడుపునొప్పి అంటే వేడి చేసిందనుకున్నారు. పెద్దాస్పత్రికి చేరేసరికి లోపల అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ చేశారు, నిలవలేదు. వాళ్లలో పూడ్చడమే ఆచారం కాబట్టి సొంత చేను గట్టునే పూడ్చారు.

"మా ఇంటిది నాగరత్నమ్మ. పనంతా చేస్తాది, ఇంత తింటాది. మాట్లాడేది మాత్రం నిలిపేసింది సార్. ఆ పువ్వు పూస్తే నోరు తెరుస్తాదేమోనని..."

పెళ్లి నాటికి లాన్ పచ్చబడాలని షరతు పెట్టిన వాళ్లను చూశాను. ఇలాంటి షరతు అదే మొదలు.

నేను హార్టికల్చర్ చదివినవాణ్ని. అక్కడ విష్ణుక్రాంత కలుపు మొక్కల పాఠంలో వస్తుంది. దాన్ని ఎట్లా చంపాలో శ్రద్ధగా నేర్పారు. పెంచమని ఎవరైనా అడుగుతారని మా సిలబస్ రాసినవాళ్లు ఊహించలేదు. కాబట్టి ముందు సులువైన దారి చూశాను. నర్సరీల్లో దొరికే బ్లూ డేజ్ అనే చుట్టం మొక్క ఉంది. పువ్వు పెద్దది, విరివిగా పూస్తుంది. కుండీ తెచ్చి చూపించాను. హనుమంతరాయుడు చాలాసేపు చూశాడు.

"బాగుండాది సార్. గానీ ఇది టౌను పువ్వు. మా పాప గుర్తుపట్టదు."

మర్నాడే ధర్మవరం పోయే దారిలో ఒక బోడిగుట్ట ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని విష్ణుక్రాంత గింజలు ఏరాను. మేకలు కాసే అవ్వ ఒకామె వచ్చి, "ఏం పారేసుకున్యావు నాయనా?" అని తనూ కాసేపు వెతికింది.

గుట్ట మీద పీకితే ఎందుకు బతకదంటే, మొక్క బెత్తెడే ఉన్నా వేరు రాళ్ల సందున చాలా లోతుకు దిగి ఉంటుంది. లాగితే తెగుతుంది. గింజలదీ మొండి స్వభావమే. వాటికి స్కారిఫికేషన్ చేయాలి, అంటే గరుకు కాగితంతో పైతోలు గీకి, మొలకకు దారివ్వాలి. మొలిచాక ప్రోట్రేలో, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో పెంచాలి. ఆ తర్వాత హార్డెనింగ్. నీడలో గారాబంగా పెరిగినదానికి ఎండనూ దప్పికనూ మెల్లగా అలవాటు చేయడం.

మొక్కలతో మొదటిసారి చేనుకు పోయేసరికి హనుమంతరాయుడు సమాధి చుట్టూ పాది చేసి, డ్రిప్ పైపు కూడా లాగి పెట్టాడు. తన టమాటాకు కూడా అంత సింగారం చేసుండడు. పైపు పీకించి, పాది చదును చేయించి, గులకరాళ్లు పరిపించాను.

"దీనికి ఎండ కావాల, రాళ్లు కావాల, మన నిర్లక్ష్యం కావాల. అంతేనప్పా."

"నీళ్లు?"

"అడగదు."

నాటిన నెలలోపే చచ్చాయి. రెండోసారి నాటినవీ అంతే. పీకి చూస్తే కాలర్ రాట్. తేమ ఎక్కువై, మట్టిని తాకే చోట కాండం నల్లగా కుళ్లిపోవడం. ఆకాశంలో మబ్బు తునక లేదు, సమాధి మట్టి మాత్రం తడి. దేవుని మీద ఒట్టు, తను చుక్క పోయలేదంటాడు హనుమంతరాయుడు. ఆయన మాట నమ్మాను. బోరు పైపు కారుతోందేమోనని కాలువ తవ్వించాను. మంచి కాలువ. దాంట్లోకి ఎప్పుడూ ఏమీ రాలేదు.

మా పక్క మనుషులకు నీళ్లతో హాని జరుగుతుందంటే తలకెక్కదు. జ్వరమైనా, జగడమైనా, చుట్టమొచ్చినా ముందు నీళ్లు. దాన్ని బట్టి, ఎవరో జాలిపడి పోస్తున్నారని తేల్చుకున్నాను. మూడోసారి నాటినప్పుడు, మా నర్సరీలో కుండీలకు కట్టినట్టే, ఒక కొయ్యకు అట్ట కట్టి సమాధి తలవైపు గుచ్చాను. అట్ట మీద ఎర్ర అక్షరాలతో 'నీళ్లు పోయరాదు' అని రాసి పెట్టాను. నాగరత్నమ్మ దూరంగా గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి, నేను కొయ్యను రాయితో కొట్టి దించడం చూసింది. చదువుకున్న మనిషే. దగ్గరికొచ్చి నిదానంగా చదివి, మళ్లీ దొడ్డిలోకి పోయింది.

ఈ కేసు నాకేం నేర్పిందో ఇక్కడే చెప్పేస్తాను. చివర్లో చెప్పడానికి వీలుపడదు. ఇప్పుడు మా నర్సరీలో ఒక్క అట్ట కూడా లేదు. ఏది ఏ మొక్కో తెలియక కస్టమర్లు తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఎవరైనా మొక్క చచ్చిందని వస్తే, ముందు ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాను. మొక్కల డాక్టరుకు ఇదంతా ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఇక ఆ సమాధి మీద విష్ణుక్రాంత లేదు. గరిక ఉంది, పచ్చగా, దిట్టంగా. ఎంత నీళ్లయినా తాగుతుంది అది. నేనే నాటి వచ్చాను.

అట్ట గుచ్చిన కొన్నాళ్లకు, చెప్పకుండా ఒక పొద్దున పోయాను. హనుమంతరాయుడు గొర్రెలు తోలుకొని పోయినట్టున్నాడు. నాగరత్నమ్మ సమాధి పక్కన గొంతుకూర్చుని ఉంది. ఒక పక్క బిందె, చేతిలో చెంబు. మొక్కలకు పోసినట్టు అంతటా పోయడం లేదు. తలవైపు, అట్ట కొయ్య పాతిన దగ్గర, ఒక్క చోటే పోస్తోంది. ధార సన్నగా, నింపాదిగా, నేల ఇంకేదాకా ఆగి మళ్లీ. చిన్నపిల్లకు పొలమారకుండా తాపేటప్పుడు అట్లా పోస్తారు.

నాకప్పుడు మొక్కలు తప్ప ఇంకేమీ కనబడలేదు. మూడో బ్యాచ్ కూడా కాండం మొదళ్లలో నల్లబడుతోంది.

"అమ్మా, నీళ్లు పోస్తే సచ్చిపోతాదమ్మా. అట్ట మీద రాసినా కదా," అన్నాను.

ఆమె లేచింది. చెంబు కడిగి, బిందెలో మిగిలిన నీళ్లు దాంట్లోకి వంచి, నా చేతిలో పెట్టింది. తాగమన్నట్టు చూసింది. తాగాను. నేను పూర్తిగా తాగేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది.

"ఆస్పత్రిలో గూడా దాని మంచానికి ఇట్లాంటి అట్టే కట్టినారప్పా, నీళ్లిస్తే సస్తాదని. పోయేదాంకా నీళ్లు నీళ్లు అనింది. నేనియ్యలే."