ఎనిమిది అడుగుల దూరం

మా కింది ఇంటి ఫొటోగ్రాఫర్ బాబాయ్ గారు పోయిన నెలలో చనిపోయారు. ఆ పొద్దున నేను లింగంపల్లి స్టేషన్‌లో కాలేజీకి వెళ్లే రైలెక్కి కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేసి, "బాబాయ్ గారు పోయారమ్మా. ఆసుపత్రిలోనే. పిన్నిగారు ఒక్కరే ఉన్నారు, వచ్చెయ్" అంది. రైలు కదిలేలోపు దిగిపోయాను. చివరిసారి ఆయన నాతో ఏమన్నారో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏమీ అనలేదు. అప్పటికే ఆయనకు గొంతు లేదు.

ఆయన మాకు బంధువు కాదు. మాది కాకినాడ వైపు, ఆయనది శంకర్‌పల్లి దగ్గరి ఊరు. పై వాటాలో మేము అద్దెకు దిగిన రోజున "మోటరు స్విచ్చు గీడుంది బిడ్డా" అని చూపించారు. అప్పటినుంచి నాకు బాబాయే.

వారంలో నాలుగు రోజులు హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఉద్యోగుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీసేవారు. అక్కడ గేటు కాసేవాళ్లు, అంతస్తులు తుడిచేవాళ్లు ఆయన్ని ఆపి, "సార్, ఊర్ల మా అమ్మది ఒక్క మంచి ఫొటో లేదు" అనేవారు. ఆదివారాలు బస్సులు మారి ఆ ఊళ్లకు వెళ్లేవారు. ఒకటే షరతు. అమ్మకు చెప్పమని ఏదైనా ఒక మాట చెప్పి పంపాలి. ఆయన కెమెరా పట్టుకుని ఆ తల్లి ముందు నిలబడి ఆ మాట చెప్పేవారు, చెప్పిన మరుక్షణం ఫొటో తీసేవారు.

"మొఖం ఊకెనే దొరకదు బిడ్డా. మాట పోయి తగిలినప్పుడు ఒక్కపారి తెరుసుకుంటది. గప్పుడే నొక్కాలె" అనేవారు.

తెరుచుకోవడం తలుపుకే అనుకునేదాన్ని. ముఖానికీ వాడొచ్చని ఆయన ఆ మాట మొదటిసారి అన్న రోజు తెలిసింది. పైకెళ్లి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన తీసిన ఫొటోల్లో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది. కొడుకు ఉద్యోగం పర్మనెంటైందని అప్పుడే విన్నది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆయన నన్ను పిలిచారు. పాత లెన్స్ బరువుకు భుజం పడిపోతోందట. "జర తేలికది ఒకటి చూసిపెట్టు. లైట్‌గుండాలె, గంతే" అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. జలుబనుకున్నాను.

నాకు పని దొరికితే వదలను. వారం రోజులు చదివి, ఏ లెన్స్ ఎన్ని గ్రాములో పట్టిక వేశాను. అంకెలు చెప్తే ఏం తెలుస్తుందని, అమ్మ వంటింటి త్రాసు మీద కందిపప్పు తూచి, ఒక్కో లెన్స్ బరువుకు ఒక్కో పొట్లం కట్టి కిందికి తీసుకెళ్లాను.

పిన్ని చూసి, "గిదేందయ్యా, ఫొటోలు తీస్తవా, పప్పు వండుతవా?" అంది.

ఆయన పొట్లాలన్నీ భుజానికి ఆనించి చూసి, అన్నిట్లో చిన్నది తీశారు. అది యాభై మిల్లీమీటర్ల లెన్స్‌ది. "గిది సాలు."

"వద్దండీ. మిల్లీమీటర్లు తగ్గేకొద్దీ మనిషికి అంత దగ్గరగా వెళ్లి తీయాలి. యాభైతో ముఖం నిండా తీస్తే ముక్కు పెద్దగా వస్తుంది. ఈ ఎనభై ఐదు కూడా తేలికే, ఎనిమిది అడుగుల దూరం నుంచే చక్కగా తీయొచ్చు."

"పెద్దగున్న ముక్కు పెద్దగనే రానియ్. నాకు దగ్గర్నే మంచిగుంటది."

"ముఖాలకు ఎనభై ఐదే మంచిదని అన్నిచోట్లా రాశారు బాబాయ్ గారూ."

ఆయన నా పట్టిక వైపు చూశారు. ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ వేశాను. "సరే తియ్. గింత కష్టపడ్డవు. నీ మాటే కానీ" అన్నారు. మర్నాడు ఎనభై ఐదు కొనుక్కొచ్చారు.

ఆ లెన్స్‌తో ఆయన వెళ్లింది ఒక్క ఊరికే. ఒక ఆఫీసులో నేల తుడిచే అక్క ఇచ్చిన పని అది. ఇష్టపడ్డవాణ్ణి పెళ్లి చేసుకున్నందుకు తల్లి తిట్టిందని ఆరేళ్లుగా ఊరికి వెళ్లలేదు. తల్లికి చెవులు సరిగా వినబడవు, ఫోన్ పనికిరాదు. "నాకు కోపం పోయిందని చెప్పు సార్" అంది.

ఆయన తిరిగొచ్చి మెట్ల మీదే కూర్చుండిపోయారు.

"మొఖం దొరకలే బిడ్డా" అన్నారు. మాట గాలిలా వచ్చింది. "దూరం నిలబడి రెండు పార్లు గట్టిగ చెప్పిన. ఇనబడలే. దగ్గరికి పోయేటాలకు నా గొంతే పోయింది."

"మళ్లీ వెళ్దురుగానీ."

తల ఊపారు. మళ్లీ వెళ్లలేదు. పదిరోజులకు ఆసుపత్రిలో చేరారు. గొంతులో గడ్డ అనీ, మూడు నెలలుగా తెలుసనీ పిన్ని అప్పుడు చెప్పింది. "ఎవలకు చెప్పనియ్యలే. పని ఇయ్యరని" అంది. గొంతు పోతున్న మనిషి ఆ చిన్న పొట్లాన్ని ఎందుకు తీశారో నాకు ఆసుపత్రి వరండాలో అర్థమైంది. నేను లెక్కేసింది బరువునే. ఎందుకు దగ్గర కావాలని ఒక్కసారీ అడగలేదు. లెన్స్ గురించి ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

పదకొండో రోజు అయ్యాక పిన్ని కెమెరా నా చేతిలో పెట్టి, "ఎవలది వాళ్లకియ్యి బిడ్డా" అంది. ఆ ఊళ్లో తీసింది ఒక్కటే ఫొటో ఉంది. కాగితం మీద వేయించి, ఆ ఆఫీసుకు వెళ్లాను. అక్క తడిచేతులు చీరకు తుడుచుకుని అందుకుంది.

"సారు చెప్పిండా మా అమ్మకు?"

"చెప్పారక్కా. వినబడలేదు. దూరం నుంచి తీసే లెన్స్ నేనే కొనిపించాను. ఆయన గొంతు సంగతి నాకు తెలియదు."

ఆమె నావైపు చూడలేదు. ఫొటోను కిటికీ వెలుగులోకి తిప్పింది. "ఎంత బక్కగైంది" అంది. తర్వాత, "సూపర్‌వైజర్ను సెలవడగాలె" అంది.

ఫొటోలో ముసలామె గడప మీద కూర్చుని ఉంది. కెమెరా వైపు వీలైనంత ముందుకు వంగింది. చెవి వెనక అరచేయి దొప్పలా పట్టుకుంది. కళ్లు చిట్లించి ఉన్నాయి. "ఆఁ?" అని అడుగుతున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.