పిల్ల సంగతి మట్టుకు

పదకొండేళ్లుగా నాలుగు మాటలు మోస్తున్నాను. అవి నా నోటి నుంచే వచ్చాయి. వాటిలో తిట్టు లేదు. అబద్ధమూ లేదు. ఎవరైనా నిలదీస్తే, నేనేం తప్పు మాట్లాడానని దబాయించగలను. దబాయించడం నాకు బాగా వచ్చు, బడిపంతులమ్మను కదా. కానీ మీరు నన్ను చూడలేదు, నేను మిమ్మల్ని చూడలేదు. మీ ముందు దబాయించి నాకేం వస్తుంది? అందుకే మీకు చెప్తున్నాను.

మాది నారాయణఖేడ్. అంత పొడుగు పేరు ఇక్కడ ఎవరూ పలకరు, ఖేడ్ అంటాం. పదకొండేళ్ల కింద నేనూ మా ఆయనా ఇక్కడ ఒక పాత ఇల్లు కొన్నాం. కొత్త ప్లాట్లు లేక కాదు. కంగ్టి రోడ్డు వైపు మా ఆయన రెండు మూడు చూపించాడు. నాకు మాత్రం ఈ ఇల్లే కావాలి. ఎందుకని అడిగితే వాస్తు బాగుందన్నాను. ప్రతి ఆదివారం చర్చికి పోయే ఆడది వాస్తు మాట ఎత్తితే ఏ మొగుడికైనా అనుమానం రావాలి. ఆయనకు రాలేదు, పాపం.

అసలు సంగతి వేరు. మా అమ్మ ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు పని చేసింది. వాకిలి ఊడ్చేది, పప్పులు చెరిగేది, పండగలకు గోడలకు సున్నం వేసేది. ఆ ఇంటావిడను దొరసాని అనేది. నేనూ అలాగే రాస్తాను, పేరు వద్దు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక వాన రోజు బడి నుంచి నేరుగా అమ్మ దగ్గరికి పోయి, వాళ్ల ముందరి అరుగు మీద, చూరు కింద కూర్చున్నాను. దొరసాని బయటికొచ్చి చూసింది. నన్నొక్క మాట అనలేదు. అమ్మను పిలిచి అరుగు కడగమంది. బయట వాన దంచి కొడుతోంది. మా అమ్మ బకెట్టు తెచ్చి, నేను కూర్చున్న చోటు కడిగింది. కడుగుతూ నా వైపు చూసి నవ్వింది, నేను భయపడకూడదని. ఆమె ఏడ్చినా బాగుండేది. ఆ నవ్వు ముప్పై ఏళ్లు నా లోపల మండింది.

నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను. ఆ ఇంటాయన చనిపోయాడు, కొడుకులు వేరుపడ్డారు, పంచుకోవడానికి ఇల్లు అమ్మకానికి పెట్టారు. దొరసాని తన చిన్న బిడ్డను తీసుకొని రెండు గల్లీల అవతల కిరాయింట్లోకి మారింది. ఆమె సామాను ఎత్తుతున్న ట్రాలీని నేను ఎదురుగా నిలబడి చూశాను. నా పనేమీ లేదక్కడ. చూడటానికే పోయాను.

తాళాలు ఇవ్వడానికి వచ్చింది ఆ చిన్న బిడ్డే. అప్పుడు ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. దొరసాని పోలికలు ఏమైనా ఉన్నాయేమోనని పరీక్షగా చూశాను, ముక్కు తప్ప ఏమీ దొరకలేదు. ఇల్లంతా తిప్పి చూపించింది. వెనక గది తలుపు గొళ్లెం కొంచెం పైకెత్తి లాగాలంది. పడమటి కిటికీలోంచి జల్లు కొడుతుంది, అక్కడ బట్టలు పెట్టొద్దంది. బోరు మోటారు మొండికేస్తే ఏ మీట నొక్కాలో చెప్పింది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, తనకు బీదర్ దిక్కు సంబంధం ఒకటి వచ్చిందని, పిల్లగాడు బడిపంతులని చెప్పింది. చూసి పోయారట, నచ్చిందన్నారట. పంతుళ్లు ఇంట్లో కూడా కోప్పడతారా అక్కా అని నన్నడిగింది. మొహం ఎర్రబడింది. ఆ పిల్లకు అతను నచ్చాడని నాకు అర్థమైంది. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని తర్వాత నేను అనడానికి లేదు.

ఇంట్లో చేరిన వారానికి పాస్టరుగారిని పిలిచి ఇంటి ప్రార్థన పెట్టుకున్నాం. దొరసానిని నేనే స్వయంగా పోయి పిలిచాను. రావాలి, నా ఇంట్లో కుర్చీలో కూర్చోవాలి, మా అమ్మ చేత్తో పెట్టింది తినాలి. వారం రోజులు ఇదే కల కన్నాను. వచ్చింది. గడప బయటే నిలబడింది. చాయ్ ఇస్తే చెయ్యి అడ్డం పెట్టి, ఇయ్యాల ఉపాసమున్న బిడ్డా అంది. మా అమ్మ ఆ మాట ఎంత తొందరగా నమ్మిందో చెప్పలేను. పాపం ఉపాసమట, ఎండల నడిచొచ్చింది అని బాధపడింది. పది నిమిషాలకు నేను చెత్త పారేయడానికి బయటికొస్తే, దొరసాని ఎదురింటి వరండాలో కూర్చొని సాసర్లో పోసుకొని చాయ్ తాగుతోంది. పక్కన బిస్కెట్లు. నన్ను చూసింది. దాచుకోలేదు కూడా.

ఆ రాత్రి నుంచి నాకు ఆ ఇంట్లో ఏదీ సర్దబుద్ధి కాలేదు. అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. మా అమ్మ ఇంకో పరీక్ష. ఇల్లు మనదే అమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె సందులోంచి తిరిగి వెనక తలుపు గుండానే లోపలికి వచ్చేది. కాళ్లు అటే పోతున్నయే, ఏం చెయ్యాలె అనేది. ఇల్లు నా పేరు మీద ఉంది, కాయితం బీరువాలో ఉంది. అయినా ఇల్లు ఇంకా దొరసానిదే అనిపించేది. కొనడంతో తీరుతుందనుకున్నది తీరలేదు.

ఇక్కడ మా దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. పిల్ల నచ్చాక, మాట ఖాయం చేసుకునే ముందు, పిల్లగాడి తరఫున ఇద్దరు చప్పుడు కాకుండా వచ్చి చుట్టుపక్కల వాకబు చేస్తారు. అడిగేవాళ్లు సూటిగా అడగరు. చెప్పేవాళ్లు సూటిగా చెప్పరు. పిల్ల మంచిదైతే బంగారమంటారు. చెడ్డదైతే చెడ్డదని ఎవరూ అనరు, ఒకరి పెళ్లి చెడగొట్టిన పాపం మనకెందుకని. మమ్మల్ని అడగొద్దు అంటారు. అంతే. వచ్చినవాళ్లు అర్థం చేసుకొని, చాయ్ తాగి, బస్సెక్కుతారు. ఈ భాష ఖేడ్‌లో పుట్టినవాళ్లకు ఎవరికీ నేర్పక్కర్లేదు.

ప్రార్థన అయిన ఎనిమిదో రోజు, ఆదివారం. చర్చి నుంచి వచ్చి ముందరి గదిలో పరదాలకు మేకులు కొడుతున్నాను. ఒకాయన, ఆయన భార్య గేటు దగ్గర నిలబడ్డారు. పిల్లగాడి మేనమామ, అత్త అని తర్వాత తెలిసింది. ఇల్లు అమ్మినవాళ్ల సంగతి కొన్నవాళ్లకే బాగా తెలుస్తుందని నేరుగా నా దగ్గరికే వచ్చారు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను.

"గీ ఇల్లు మీరే కొన్నరట గదక్కా?" అన్నాడు ఆయన.

"అవునన్నా, నెల గుడ కాలే."

"అమ్మినోళ్లు ఎసొంటోళ్లు? కిరికిరి ఏం పెట్టలేదు గద?"

"ఏం పెట్టలేదు. కాయితాలన్నీ సాఫ్ ఉన్నయి."

"హౌదా," అన్నాడు, కన్నడం కలిసిన యాసలో. భార్య వైపు చూశాడు. ఆమె గొంతు తగ్గించింది.

"వాళ్లకొక చిన్న బిడ్డ ఉన్నదట. ఎట్లుంటదక్కా పిల్ల?"

నా చేతిలో సుత్తి ఇంకా ఉంది. ఎదురుగా తెరిచిన తలుపులోంచి ఆ ఎదురింటి వరండా కనిపిస్తోంది. ఖాళీగా ఉంది. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు, ఆ ఊరుకోవడం కూడా జవాబేనని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

"ఇల్లు మంచిగుంది, కాయితాలు మంచిగున్నయి. పిల్ల సంగతి మట్టుకు నన్నడగకుండ్రి."

"ఎందుకక్కా, ఏమన్న..."

"మాకెందుకమ్మా. మాకు గుడ ఆడివిల్ల ఉన్నది."

ఆమె కప్పు కింద పెట్టింది. సగం చాయ్ మిగిలే ఉంది. ఇద్దరూ లేచారు. పోయేముందు ఆయన నాకు దండం పెట్టాడు, పెద్ద ప్రమాదం నుంచి కాపాడినట్టు.

ఆ "మట్టుకు" నేనెందుకు అన్నాను? పిల్ల సంగతి నాకు తెలియదు అనొచ్చు. అది నిజం కూడా. లేదా రెండు వారాల కింద నాకు ఇల్లంతా ఓపికగా చూపించిన పిల్ల, మంచిదే అనొచ్చు. అది ఇంకా నిజం. మట్టుకు అన్నప్పుడు మిగతావన్నీ మంచివని, ఇదొక్కటి కాదని అర్థం. పదేళ్లు ఐదో తరగతికి తెలుగు చెప్పినదాన్ని, ఏ మాట ఎక్కడ పెడితే ఏమవుతుందో నాకు తెలియదా? నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. ఏరి పెట్టాను. దొరసానికి ఒక్క మంచి రోజు దక్కకూడదు, అంతే నాకు కావలసింది. పిల్ల ఆ మధ్యలో ఉందని తెలుసు. ఉండనీ అనుకున్నాను.

వాళ్లు గేటు దాటాక వెనక తలుపు దగ్గర మా అమ్మ కనిపించింది. చాటలో కందులు ఏరుతోంది. అంతా విన్నది.

"ఆ పోరి నీకేం చేసిందే?" అంది.

నేను మేకులు కొట్టడం మొదలుపెట్టాను, ఆమె ఇంకేమన్నా వినపడకూడదని. ఆ పగలు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. సాయంత్రానికల్లా అట్టపెట్టెలన్నీ విప్పేశాను. గిన్నెలు, పుస్తకాలు, బట్టలు, అన్నీ ఒక్క పూటలో సర్దేశాను. ఆ రోజే నేను ఆ ఇంట్లో చేరాను అనుకోండి. పాపపు సంతోషమని పేరు పెట్టొచ్చు, కానీ సంతోషమే అది. దాచను.

మూడు రోజులకు సంబంధం తప్పిపోయింది. కారణం చెప్పలేదట. అలాంటివాటికి కారణం ఎవరూ చెప్పరు కదా. కారణం లేని చోట ఊరు తనే ఒకటి వెతుక్కుంటుంది. పిల్లకు ఏదో జబ్బుందన్నారు కొందరు. ఎవరితోనో తిరిగిందన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట దొరసాని చెవిన పడింది. కన్నతల్లే నమ్మింది. గల్లీ అంతా వినేటట్టు బిడ్డను జుట్టు పట్టి కొట్టిందట, ఏం చేసినవే చెప్పు అని. మా స్కూల్లో ఆయమ్మ ఈ సంగతి చెప్తుంటే నేను టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాను. దొరసాని పరువు బజారున పడిందని లోపల చల్లగా అనిపించింది. దెబ్బలు తిన్నది ఎవరన్నది రాత్రికి గానీ తట్టలేదు. తట్టినా ఏం చేశాను? బీదర్ ఎంత దూరం? ఒక ఫోను ఎంత సేపు? చెయ్యలేదు.

తర్వాత ఇంకో సంబంధం వచ్చింది. మొదటిది ఎందుకు తప్పిందని అడిగారు, పోయారు. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది. ఆ తర్వాత రావడం మానేశాయి. పెళ్లి కాకపోతే బతుకు లేదా అని మీరు అడగొచ్చు. నేనూ ఆ మాట పట్టుకునే చాలా ఏళ్లు తప్పించుకున్నాను. పెళ్లి లేకుండా ఎంతమంది బతకడం లేదు? కానీ ఆ పిల్ల వద్దనుకొని మానలేదు. ఆమె కోరుకున్న మనిషి ఒకడున్నాడు, అతన్ని నేను తప్పించాను. పైగా, చెయ్యని తప్పు ఒకటి ఆమె మీద వేసి, అదేమిటో ఆమెకే తెలియకుండా చేశాను.

మా అమ్మ నాలుగేళ్ల కింద పోయింది. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఉన్న ఒక్క సాక్షీ పోయిందని, అంత ఏడుపులోనూ, నాకు ఒక క్షణం నిమ్మళమైంది. చూశారా, నేనెలాంటి మనిషినో.

దొరసాని ఇంకా ఉంది. మంచంలో ఉంది. ఆమె మీద నాకు ఇప్పటికీ జాలి లేదు, వస్తుందని మీకు చెప్పను. ఆమెను చూసుకునేది ఆ బిడ్డే. బస్టాండ్ దగ్గర ఒక గదిలో జాకెట్లు కుడుతుంది. నేను ఏడాదికి నాలుగైదు సార్లు పోయి, అవసరం లేకపోయినా గుడ్డ ఇచ్చి వస్తాను. బీరువాలో తొడగని జాకెట్లు పేరుకున్నాయి. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకునేంత తెలివితక్కువదాన్ని కాను.

పోయిన నెల చేతి కొలత తీసుకుంటూ, టేపు నా భుజం మీద పట్టుకొని, ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, అప్పట్ల వాళ్లు మీ ఇంటికి గుడ వచ్చిండ్రట గద. ఎదురింటోళ్లు చెప్పిండ్రు. మీరు మంచిగనే చెప్పి ఉంటరు, నాకెరుకే. మరి నాలో ఏం చూసిండ్రో మీకేమన్న అన్నరా?"

ఏమో నాకు యాదికి లేదు అన్నాను. ఆమె తల ఊపి, కొలత పుస్తకంలో రాసుకుంది. ఇది అచ్చమైన అబద్ధం. మొదటిసారి అదైనా ఆడలేదు.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చించానో లెక్క లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీకు నేనేం చేశానని? ఆమెను అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. కానీ రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. ఆ పిల్లలో వాళ్లు ఏమీ చూడలేదు. ఆమెలో ఏ తప్పూ లేదు. చెడగొట్టింది నేను. పేర్లు రాయలేదు గానీ, ఖేడ్ వాళ్లెవరైనా చదివితే ఏ ఇల్లో, ఏ టీచరో పోల్చుకుంటారు. పోల్చుకోనీ. పోయి ఆమెకు చెప్పనీ.