అమ్మ గొంతు కోసం కొన్న చవక డబ్బీ

మా చెల్లికి అమ్మ గొంతు తెలియదు. దానికి ఏడాది నిండీ నిండకుండానే అమ్మ పోయింది. ఫొటోలున్నాయి, రెండు చీరలున్నాయి, చర్చిలో ఆమె ఎంత బాగా పాడేదో చెప్పే ముసలమ్మలున్నారు. గొంతు మాత్రం ఎక్కడా లేదు. నాకూ అమ్మ తిట్లు గుర్తున్నాయి గానీ, తిట్టిన గొంతు చెవుల్లోంచి ఎప్పుడో జారిపోయింది.

పోయిన ఎండాకాలం చెల్లి బూర్గంపాడు నుంచి ఫోన్ చేసింది. ఇల్లందులో మేనమామ ఇంట్లో ఆయన పెళ్లి వీడియో క్యాసెట్ ఉంది కదా, అందులో అమ్మ ఉంటుంది కదా, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి పెట్టమంది. "ఒక్క మాట ఇన్నా చాలు అన్నా," అంది. అది నన్ను ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకే సరేననేశాను.

ఖమ్మంలో ఒక స్టూడియో వాళ్లు చేసిపెడతామన్నారు. క్యాసెట్ వారం రోజులు వాళ్ల దగ్గర వదిలిపెట్టాలన్నారు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మా మామ ససేమిరా అన్నాడు. ఆయన అత్తమ్మనైనా వారం రోజులు పుట్టింటికి పంపుతాడు గానీ క్యాసెట్‌ను గడప దాటనివ్వడు. కాబట్టి యంత్రమే క్యాసెట్ దగ్గరికి రావాలి. దాన్ని ఆడించే వీసీఆర్ డెక్కు మామ దగ్గరే ఉంది. దాని మీద అల్లిక గుడ్డ కప్పి, ప్లాస్టిక్ పూలు పెట్టి, బతికుండగానే సమాధి కట్టారు. ఇక కావాల్సిందల్లా డెక్కులోంచి వచ్చే బొమ్మనూ శబ్దాన్నీ లాప్‌టాప్‌లోకి పంపే చిన్న డబ్బీ.

ఆన్‌లైన్‌లో చూస్తే అవి కుప్పలుతెప్పలు. కొన్న ఒకాయన ఐదు స్టార్లిచ్చి, 'ఇంకా వాడలేదు, ప్యాకింగ్ బాగుంది' అని రాశాడు. కొత్తగూడెంలో మా ఆఫీసులో ఒకాయన, కొంటే ఖరీదుదే కొనమన్నాడు. ఇంకొకాయన అసలు కొనడమెందుకు, టీవీలో ఆడుతుంటే ఫోన్‌తో తీసేయమన్నాడు. చవకదాంట్లోనూ ఖరీదుదాంట్లోనూ లోపల ఉండే చిప్పు ఒకటేనని యూట్యూబ్‌లో ఒకడు చెప్పాడు. మన మనసులో ఉన్నది చెప్పేవాడే మనకు నిపుణుడు. అన్నిటికంటే చవకది తెప్పించాను.

అది పనిచేయాలంటే వేయాల్సిన సాఫ్ట్‌వేర్ ఒక సీడీలో వచ్చింది. నా లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. పాతదాన్ని కొత్తగా మార్చే యంత్రానికి ఇంకో పాత యంత్రం కావాలట. తిట్టుకుంటూ ఇంటర్నెట్‌లో వెతికి, ఏదో దింపుకొని, ఆదివారం చర్చి అయ్యాక ఇల్లందు వెళ్లాను. చెల్లి అప్పటికే బస్సులు మారి వచ్చి కూర్చుంది. మామ డెక్కు మూత విప్పి, టేపును చదివే హెడ్డును కొత్త రూపాయి నోటుతో తుడిచాడు. పాత నోటైతే బొమ్మ మసకగా వస్తుందని ఆయన నమ్మకం.

బొమ్మ వచ్చింది, నలుపు తెలుపుల్లో. శబ్దం లేదు. మామ ముఖం మాడిపోయింది. కలర్‌లో తీయించిన పెళ్లిని నలుపు చేశానని, ఊరంతా వినేలా నన్ను కడిగేశాడు. ఏదో సెట్టింగులో మన దేశపు పద్ధతికి బదులు అమెరికా పద్ధతి ఉందట, అది మారిస్తే రంగులు వచ్చాయి. శబ్దం మాత్రం చచ్చినా రాలేదు. చెల్లి టీ గ్లాసులు కడిగిపెట్టి బస్సెక్కింది. అదేదో నాలుగు తిట్టిపోయినా బాగుండేది.

సొమ్మూ పోయె, శనీ పట్టె అనుకుంటూ ఈసారి మధ్యరకం డబ్బీ కొన్నాను. మరో ఆదివారం మళ్లీ అందరం డెక్కు ముందు చేరాం. ఎర్ర వైరు, తెల్ల వైరు బిగించి చూస్తే శబ్దం ఖంగుమంటూ వచ్చింది.

సినిమా పాట.

పెళ్లికూతురు కారు దిగితే పాట, దండలకు పాట, భోజనాలకు పాట. అమ్మ విస్తళ్ల మధ్య తిరుగుతూ ఎవరినో పిలుస్తోంది, నవ్వుతోంది, ఏదో అంటోంది. నోరు కదులుతోంది, హీరో పాడుతున్నాడు. మా దగ్గర అప్పట్లో పెళ్లి క్యాసెట్లన్నీ అంతే. మనుషుల మాటలు తీసేసి పాటలు వేయించకపోతే అది పేదోళ్ల పెళ్లి. మామ మురిసిపోతూ, "మిక్సింగ్ గావాలని నేనే పట్టువట్టిన అల్లుడా. మస్తు జేసిండు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది, ఇక్కడ ఎలుక కూడా లేదు. చెల్లి వైపు చూడలేక వైర్లు సర్దుతున్నట్టు కూర్చున్నాను.

అంతలో పాట ఠక్కున ఆగింది. తెర మీద పాస్టరు ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన మీద సినిమా పాట వేస్తే ఊరుకోనని ఆయన వీడియో వాడికి ముందే చెప్పాడని అత్తమ్మ గుర్తుచేసుకుంది. ఆ కాసేపు మాత్రం అన్నీ నిజమైన చప్పుళ్లే. ఫ్యాన్లు, దగ్గులు, కుర్చీల కిర్రుకిర్రులు. కెమెరా ఆడవాళ్ల వైపు తిరిగింది. రెండో వరసలో అమ్మ ఉంది. ఒళ్లో నెలల పిల్ల, మా చెల్లి.

సరిగ్గా అప్పుడే పిల్ల గుక్కపట్టి ఏడుపు అందుకుంది. అమ్మ వంగి, దాని చెవి దగ్గర నోరుపెట్టి ఏదో చెబుతోంది. చెబుతూనే ఉంది. శబ్దం పెంచాను, ఏడుపే పెరిగింది. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. అదే ఏడుపు.

చెల్లి లేచి లాప్‌టాప్ ముందు నేల మీద కూర్చుంది. చెవి స్పీకరుకు ఆనించి, తెర మీది పిల్లను వేలితో మెల్లగా తట్టింది.

"ఊకోవే," అంది. "జర ఊకో. అమ్మ మాట్లాడుతుంది."