గేషె కూతురు అలీదా

అలీదా మైంట్స్‌కి అరవయ్యో ఏట వంశవృక్షం మీద ఆసక్తి పుట్టింది. పుట్టిందనడం కన్నా చుట్టాలు అంటగట్టారనడం నిజం.

అయోవాలో మైంట్స్ వాళ్ళ పొలం ఒకే వంశం చేతిలో నూరేళ్ళు పూర్తి చేసుకోబోతున్న సంవత్సరం అది, 1976. ముత్తాత హైయె మైంట్స్ జర్మనీలో సముద్రపు గట్టునున్న ఫ్రీజియా నుంచి వచ్చి, ఎవరూ వద్దన్న బురదనేల కొని, కాలవలు తవ్వి నీళ్ళు దింపి మొక్కజొన్న పండించాడు. ఆగస్టులో చుట్టాలంతా ఆ పొలంలోనే కూడి పండగ చేసుకోవాలనీ, ఆ రోజు వంశ చరిత్ర చదవాలనీ అనుకున్నారు. రాసేదెవరంటే అందరి చూపూ అలీదా మీదే పడింది.

"నీకేమే, మొగుడా పిల్లలా! నువ్వే రాయాలి" అన్నారు.

"అవును, నా ఆవులు పాలు వాటంతటవే పితుక్కుంటాయిగా" అంది అలీదా. కానీ ఒప్పుకుంది.

మొగుడూ పిల్లలూ లేని మాట నిజమే. ఆమె, అన్న హార్మ్, తాతలనాటి ఆ ఇంట్లో ఇద్దరే. అతనికీ పెళ్ళి కాలేదు. తెల్లవారుజామున ఇద్దరూ కొట్టంలోకి వెళ్ళి చెరో పక్కనుంచి పాలు పితుక్కుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవారు. రోజు మొత్తంలో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకునేది అక్కడే.

మొదలుపెట్టాక అలీదాకి ఆ పనిలో రుచి తగిలింది. ఆదివారం ప్రార్థన అయ్యాక శ్మశానంలో రాళ్ళ మీది నాచు గీకి పేర్లు చదివేది. కోర్టు ఆఫీసుకి వెళ్ళి పాత దస్తావేజులు తిరగేసేది. ఓడలో పుట్టి ఓడలోనే పోయిన బిడ్డ పేరు పట్టుకుంది. గొంతువాపు జబ్బుతో వారం తిరక్కుండా పోయిన ముగ్గురు అక్కచెల్లెళ్ళ రాళ్ళు కనుక్కుని, వాళ్ళు తన సొంత పిల్లలైనట్టు అక్కడే కూర్చుని ఏడ్చింది.

"చచ్చినవాళ్ళతో నాకు పేచీ లేదు. బతికున్నవాళ్ళే ఉత్తరానికి జవాబివ్వరు" అనేది నవ్వుతూ.

అందరూ దొరికారు. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ఆమె కన్నతల్లి.

అలీదా రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, 1918లో విషజ్వరాలు ఊళ్ళను ఊడ్చేసిన శరత్కాలంలో, తల్లి గేషె పోయింది. అలీదాకి తెలిసింది అంతే. రాయి ఏదని చిన్నప్పుడు అడిగితే, ఆ రోజుల్లో హడావిడిగా పూడ్చిపెట్టారు, రాళ్ళు పెట్టేంత తీరిక ఎవరికుందీ అనేది ఫోల్కె అత్త. తండ్రి డిర్క్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. "పెళ్ళాం పోయాక ఇంకో ఆడదాని ముఖం చూడలేదు, మగాడంటే డిర్కే" అని ఊరంతా చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా అలీదాకి ఒళ్ళు పొంగేది.

చర్చిలో చావుపుట్టుకల పుస్తకం ఉండేది. ఆ జ్వరాల్లో పోయినవాళ్ళు ఒక్కరు కూడా అందులో తప్పిపోలేదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ వాక్యం చదివి పూడ్చారో అప్పటి పాస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు. పరాయి ఊరివాడు, పేరు తెలియని కూలీ ఒకడుంటే అతన్నీ రాశాడు. గేషె మైంట్స్ మాత్రం లేదు.

ఆ సాయంత్రం బీన్సు సూపు వడ్డిస్తూ అన్నని అడిగింది.

"పుస్తకాలన్న తరువాత ఒకటీ అరా తప్పిపోతాయి" అన్నాడు హార్మ్, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"కూలివాడు తప్పిపోలేదు, మన అమ్మ తప్పిపోయిందా?"

"నాకేం తెలుసు, నాకప్పుడు ఏడేళ్ళు" అని సగం సూపు వదిలేసి లేచిపోయాడు. హార్మ్ తిండి వదిలేసి లేవడం ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ జరగలేదు.

మర్నాడు అలీదా చర్చి వాళ్ళు నడిపే వృద్ధాశ్రమానికి, ఫోల్కె అత్త దగ్గరికి వెళ్ళింది. అలీదాని పెంచింది తండ్రి చెల్లెలైన ఆ అత్తే. ఈ పిల్లల కోసం తన పెళ్ళి మానుకుంది. ఇప్పుడామెకి తొంభైకి దగ్గరపడింది. మధ్యాహ్నం ఏం తిన్నదో గుర్తుండదు గానీ పాత సంగతులు అద్దంలా కనబడతాయి.

"అత్తా, అమ్మని ఎక్కడ పూడ్చారు?"

ముసలామె కిటికీ వైపు తిరిగింది. "హార్మ్ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"నేననుకున్నానే పిల్లా, మీ నాన్న పోయాకన్నా వాడు చెప్పుంటాడని."

"అమ్మ జ్వరంతో చచ్చిపోయిందనేగా నువ్వు చెప్పావు!"

"చచ్చిపోయిందని నేనెప్పుడన్నానే? పోయింది అన్నాను. మీ అమ్మ పోయిందే తల్లీ అన్నాను. ఆ మాట దేవుడి ముందైనా చెబుతాను." ముసలామె గొంతు పిల్లల గొంతులా సన్నగా అయిపోయింది. "పిచ్చాసుపత్రికి పోయింది."

తరువాత తవ్విన కొద్దీ వచ్చింది. ఆ ఏడు వసంతంలో గేషెకి మగపిల్లాడు పుట్టి నెల తిరక్కుండానే పోయాడు. ఆమె ఉయ్యాల తియ్యనివ్వలేదు. వట్టి ఉయ్యాల ఊపుతూ వాడితో మాట్లాడేది. మొక్కజొన్న చేలోకి చెప్పుల్లేకుండా వెళ్ళి వాణ్ణి పిలిచేది.

"ఆ బాధ ఏ తల్లికైనా వచ్చేదేనే! నాలుగు నెలలు ఓపిక పడితే తేరుకునేదేమో. కానీ అది పాడుకాలం. జర్మనీతో యుద్ధం. మన ఫ్రీజియను మాట బయట మాట్లాడకూడదని సర్కారు చాటింపు. చర్చిలో వద్దు, బజార్లో వద్దు, ఫోన్లో కూడా వద్దు. మాట్లాడినవాళ్ళు ద్రోహులని వాళ్ళ కొట్టాల మీద పసుపు రంగు పోశారు. మీ అమ్మకి మన మాట తప్ప వేరే మాట రాదాయె. చేలో నిలబడి గట్టిగా అదే మాటలో ఏడిస్తే పక్కవాళ్ళు వినరూ? ఎవరో వెళ్ళి చెప్పారు. డాక్టరొచ్చాడు. ఇంగ్లీషులో అడిగాడు, మీ అమ్మ మన మాటలో చెప్పింది. అన్నీ సరిగ్గానే చెప్పిందే! బిడ్డ పోయాడు, పాలు ఇంకా వస్తున్నాయి, నొప్పిగా ఉంది అంది. నేను పక్కనే ఉన్నాను. ఇదేదో అర్థం లేని వాగుడని డాక్టరు రాసుకున్నాడు."

"నాన్న ఉన్నాడుగా! నాన్నకి ఇంగ్లీషు వచ్చుగా!"

"వచ్చు."

"మరి?"

"నోరు విప్పలేదు. భయం. మీ నాన్నే కాదు, నేనూ విప్పలేదు."

అలీదా చల్లారిన కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?"

"తెలియంది నీకేనే. ఎయిలర్ట్ తల్లి ఆ సంబంధం ఎందుకు తెంచిందనుకున్నావు? పిచ్చి రక్తం వద్దంది."

ఎయిలర్ట్ ఒక వేసవంతా ఆదివారాలు వచ్చి, ఒక ఆదివారం రావడం మానేశాడు. తన ముఖం బాగాలేకనే రాలేదని అలీదా ఇరవై రెండో ఏట నిర్ణయించుకుని, ఆ తరువాత అద్దం ముందు ఎక్కువసేపు నిలబడటం మానుకుంది.

ఆసుపత్రి ఎంతో దూరం కాదు. కారులో గంట ప్రయాణం. గుమాస్తా పాత కాగితాలు తీసి ముందు పెట్టాడు. ఏడాదికో వాక్యం. "ఎవరికీ అర్థం కాని మాటలు మాట్లాడుతుంది." మరుసటి ఏడు అదే. ఆపైన చాలా ఏళ్ళు అదే. తరువాత ఒకచోట, "మాట్లాడటం మానేసింది. ఇస్త్రీ పని బాగా చేస్తుంది." చివరి కాగితంలో 1961లో గుండెజబ్బుతో పోయినట్టు ఉంది.

1961 నాటికి అలీదాకి నలభై అయిదేళ్ళు. ఆమెకి సొంత కారుంది. డ్రైవింగ్ వచ్చు. ఫ్రీజియను మాటా వచ్చు.

సమాధి చూపించమంది. గుమాస్తా తల గోక్కున్నాడు. వెనక మైదానంలో పేర్లు లేకుండా చిన్న రాతి గుర్తులుండేవట. గడ్డి కోసే యంత్రానికి అడ్డొస్తున్నాయని కొన్నేళ్ళ కిందట పీకేశారట. "ఏమనుకోకండమ్మా, అప్పట్లో నేను లేను" అన్నాడు పాపం.

బయటికి వస్తూ పెద్ద హాలు తలుపు దగ్గర ఆగిపోయింది. ఆ హాలు తనకు తెలుసు. పదిహేడేళ్ళప్పుడు క్రిస్మస్ ముందు చర్చి పిల్లలతో కలిసి ఇక్కడికే వచ్చి పాటలు పాడింది. అప్పటికి నిషేధం పోయి చాలా ఏళ్ళయింది. ఒక పాట తమ మాటలోనే పాడారు. బూడిదరంగు గౌనుల్లో ఆడవాళ్ళు బెంచీల మీద బారులుగా కూర్చున్నారు. మరుసటి ఏడు మళ్ళీ వస్తానంటే తండ్రి ఒంటికాలి మీద లేచి, కారణం చెప్పకుండా వద్దన్నాడు.

ఆ బెంచీల మీద ముఖాలను గుర్తు తెచ్చుకోవాలని అలీదా తలుపు పట్టుకుని నిలబడింది. ఒక్క ముఖం కూడా రాలేదు. పిచ్చివాళ్ళను చూడాలంటే భయమేసి, ఆ రోజు పాటలు పాడినంతసేపూ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం కొట్టంలో, ఇద్దరూ మధ్యలో కలుసుకునే చోట, అన్న ముందు నిలబడింది.

"నీకు తెలుసు."

హార్మ్ పాలబిందె కింద పెట్టాడు. "తెలుసు. తీసుకెళ్ళేటప్పుడు చూశాను. ఎవరితోనూ అనొద్దని నాన్న ఒట్టేయించుకున్నాడు."

"నాన్న పోయి ఎన్నేళ్ళయింది! అప్పటికి ఆవిడ బతికే ఉంది. తొమ్మిదేళ్ళు బతికింది అన్నయ్యా! ఒక్క ఆదివారం తీసుకెళ్ళలేకపోయావా? నేను ఆవిడతో మన మాటలో మాట్లాడేదాన్ని. ఆవిడ మాట అర్థమయ్యే మనిషి ఒక్కతంటే ఒక్కతి వెళ్ళేది!"

"ఎప్పటికప్పుడు చెబుదామనే అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆలస్యమయ్యే కొద్దీ ఇంకా కష్టమైపోయింది." గోడకి చేరగిలబడ్డాడు. "పోయినప్పుడు ఫోను నాకే వచ్చింది. ట్రాక్టరు చూసొస్తానని నీతో చెప్పి వెళ్ళాను. నేనూ, పాస్టరూ, గొయ్యి తవ్వినవాళ్ళూ, అంతే."

"ఆ రోజు నీకు దారిలో తినడానికి రొట్టె కట్టిచ్చాను" అంది అలీదా. ఇంకేమీ అనలేదు. అనకపోవడం ఆ రోజుతో ఆగలేదు. వేసవంతా అన్నతో మాట్లాడలేదు. వంట చేసి పెట్టేది, బట్టలు ఉతికేది, పాలు పితికేది. మాట మాత్రం లేదు.

ఆగస్టులో పండగ జరిగింది. చెట్ల కింద బల్లలు వేసి, పంది తొడలూ బంగాళాదుంపలూ పీచు పండ్ల పైలూ పరిచారు. అలీదా లేచి నిలబడి హైయె ముత్తాత నుంచి మొదలుపెట్టి చదివింది. ఓడలో బిడ్డ దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చివరి కాగితం తీసి చదివింది. "డిర్క్ భార్య గేషె. రాష్ట్ర పిచ్చాసుపత్రిలో నలభై మూడేళ్ళుండి, 1961లో పోయింది. ఆమెకు పిచ్చి లేదు. బిడ్డ పోయిన దుఃఖం ఉంది."

ఎవరైనా ఉలిక్కిపడతారని ఎదురుచూసింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. పెద్దవాళ్ళందరూ తలలు దించుకుని కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు. తన పుట్టుక నుంచీ ఎరిగిన ముఖాలన్నీ అవే. కొట్టినట్టయింది అలీదాకి. కాగితాలు మడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జనం వెళ్ళిపోయాక హార్మ్ గుమ్మంలో నిలబడ్డాడు. "చోటు నాకు తెలుసు. రాళ్ళు లేకపోయినా ఫర్వాలేదు. నేను చూపిస్తాను, రా."

నెలల తరువాత మొదటిసారి అతని ముఖంలోకి చూసి, "పద" అంది.

ఆసుపత్రి వెనక మైదానం నున్నగా, పచ్చగా ఉంది. హార్మ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచాడు. "నీళ్ళ ట్యాంకుకి ఎదురుగా. మేపుల్ చెట్టుకి ఇవతల" అన్నాడు. మేపుల్ చెట్టు లేదు. కొట్టేశారు. నీళ్ళ ట్యాంకు కూడా కొత్తది, వేరే చోట కట్టారు. "ఇక్కడే" అని ఆగాడు. "కాదు, కొంచెం దిగువకి." మళ్ళీ నడిచాడు. మళ్ళీ ఆగాడు. ఆ పెద్ద మనిషి, ఎకరాల కొద్దీ పొలంలో ఏ మూల ఏ కాలవ పూడిందో కళ్ళు మూసుకుని చెప్పగలవాడు, ఆ కాస్త గడ్డిలో అటూ ఇటూ తిరిగి, చివరికి మోకాళ్ళ మీద కూలబడి భోరుమన్నాడు.

"దొరకటం లేదే చెల్లీ. దొరకటం లేదు."

అలీదా అతని పక్కన కూర్చుంది. గడ్డి మీద చెయ్యి వేసి, తమ మాటలో "అమ్మా" అని పిలిచి చూసుకుంది. ఆ పిలుపు ఆమె నోటికి అలవాటు లేదు. వేరే ఎవరి గొంతో పిలిచినట్టు వినిపించింది. రెండోసారి పిలవలేదు.

అక్కణ్ణుంచి వచ్చాక మాటలు మళ్ళీ మొదలయ్యాయి. పాత రోజుల్లా కాదు గానీ, మొదలయ్యాయి. రాత్రి భోజనాలయ్యాక అలీదా టీ పెట్టి అడిగేది, "ఇంకా ఏం గుర్తుంది చెప్పు." ఏడేళ్ళవాడికి గుర్తుండేది ఎంతని? ఎర్ర జుట్టు. ఎడమ చేత్తో పిండి కలిపేది. ఉరుము అంటే భయం. అంతే. అడిగిందే అడిగేది, అతను చెప్పిందే చెప్పేవాడు.

ఒక శీతాకాలం సాయంత్రం అతనికి ఇంకొకటి గుర్తొచ్చింది. "కప్పులో కలకండ ముక్క వేసి, వేడి టీ పోసి, నా చెవి దగ్గర పెట్టేది. అది చిటపటమని పగులుతుంది కదా. విను, నీతో మాట్లాడుతోంది అనేది."

అలీదా కప్పు కింద పెట్టింది. "నా చెవి దగ్గర కూడా పెట్టేదా?"

హార్మ్ చాలాసేపు ఆలోచించాడు. అవునంటే సరిపోయేది. ఇన్నేళ్ళు దాచినవాడికి ఆ ఒక్క మాట కష్టమేమీ కాదు.

"గుర్తులేదే" అన్నాడు.